పెద్ద విమానాల దారిలో చిన్న విమానాలు: కంటిచూపును నమ్ముకుంటే చాలదు

విమానాశ్రయాల చుట్టూ దారులు వేరు చేయడమే మార్గం
ప్రమాదం జరిగాకే నిబంధనలు రావడం శోచనీయం

(మా గ్రామీణ విలేకరి)

ఇబ్రహీంపట్నం: అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 2025 జనవరి 29 రాత్రి దిగబోతున్న ప్రయాణికుల విమానం, ఒక సైనిక హెలికాప్టరు ఢీకొని పొటోమాక్ నదిలో కూలిపోయిన సంగతి పాఠకులకు విదితమే. విమానంలోని 64 మంది, హెలికాప్టరులోని ముగ్గురు, మొత్తం 67 మంది దుర్మరణం పాలయ్యారు. ఆ రాత్రి ఎవరి పొరపాటు ఎంత అన్న విషయం అటుంచితే, దర్యాప్తులో బయటపడిన ఒక లెక్క మాత్రం అందరినీ ఆలోచింపజేసేదిగా ఉంది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు వరకు అదే విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల విమానాలూ హెలికాప్టర్లూ 15,214 సార్లు ఒకదానికొకటి చేరువగా వచ్చాయి. అంటే పక్కన రెండు కిలోమీటర్ల లోపు, ఎత్తులో 400 అడుగుల లోపు. వీటిలో 85 సార్లు పక్కన 1,500 అడుగుల కంటే, ఎత్తులో 200 అడుగుల కంటే తక్కువ దూరమే మిగిలింది. ఇన్నిసార్లు తప్పిపోయిన గండం ఒకసారి తప్పలేదు. దీనిని కేవలం దురదృష్టమని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

రద్దీగా ఉండే విమానాశ్రయం చుట్టూ వందలాది మందిని మోసుకుపోయే పెద్ద విమానాలు, ఒకరిద్దరు తిరిగే చిన్న విమానాలు, హెలికాప్టర్లు ఒకే ఆకాశాన్ని ఎలా పంచుకోవాలన్నది డెబ్బయి ఏళ్లుగా నలుగుతున్న సమస్య. ఎర్రబస్సు, ఎడ్లబండి ఒకే ఇరుకు రోడ్డు మీద పోతే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ చెప్పనవసరం లేదు. అయితే బస్సుకు బ్రేకు ఉంది. ఆకాశంలో ఎగిరే దానికి ఆగడమన్నది లేదు.

మనకెందుకీ గొడవ?

ఎక్కడో అమెరికాలో జరిగినదానితో మన జిల్లాకు పనేమిటని కొందరు అడగవచ్చును. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల మీదుగా విమానాలు పోని పూట లేదు. అదే జిల్లాలో చిన్న విమానాల శిక్షణకు పేరుపడిన నాదర్‌గుల్ మైదానం ఉంది. నగరానికి ఉత్తరాన హకీంపేట, దుండిగల్‌లలో వైమానిక దళం వారి శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి. అటు విశాఖపట్నంలో నౌకాదళం వారి మైదానం మీదనే ప్రయాణికుల విమానాలు దిగుతూ వచ్చాయి. పైగా నేడు చదువుకో, కొలువుకో అమెరికాకు పిల్లలను పంపిన ఇళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ఆ పిల్లలు దిగే విమానాశ్రయాల చుట్టూ చిన్న విమానాలు ఈగల్లా తిరుగుతుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఇలాంటి దుర్ఘటనల్లో టికెట్టు కొన్నవారే కాదు, ఇంట్లో కూర్చున్నవారు కూడా పోతున్నారు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, శిక్షణ పొందుతున్న యువతి మరణించింది. అది మరో విమానాన్ని ఢీకొని జరిగినది కాదు. అయినా ఆకాశంలో తిరిగేది నేల మీది వారికి సంబంధం లేనిది కాదని ఆ ఘటన చాటింది.

శాన్ డియాగో చెప్పిన పాఠం

1978 సెప్టెంబరు 25 ఉదయం 9 గంటల వేళ. కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ డియాగో నగరంలో ఆకాశం నిర్మలంగా ఉంది. బోయింగ్ 727 రకం ప్రయాణికుల విమానం 135 మందితో దిగడానికి వస్తోంది. అదే సమయంలో సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒక పైలటు, అతనికి నేర్పే గురువు, ఇద్దరూ సాధన చేస్తున్నారు. మీ ముందు చిన్న విమానం ఉందని కంట్రోలర్లు బోయింగ్ పైలట్లను ఒకటికి రెండుసార్లు హెచ్చరించారు. కనిపించిందని వారు బదులు చెప్పారు. అయితే చూసుకుంటూ తప్పుకోండని బాధ్యత వారికే అప్పగించారు.

ఆ తర్వాత పైలట్లకు చిన్న విమానం కనిపించకుండా పోయింది. పక్కకు దాటిపోయి ఉంటుందని అనుకున్నారే తప్ప, కనిపించడం లేదని కంట్రోలరుకు స్పష్టంగా చెప్పలేదు. చిన్న విమానం కూడా తనకు చెప్పిన దిక్కు నుంచి కాస్త పక్కకు తిరిగింది. దాదాపు 2,600 అడుగుల ఎత్తున బోయింగ్ వెనుక నుంచి వచ్చి దానిని ఢీకొన్నది. విమానాల్లోని 137 మంది, నేల మీద ఇళ్లలో ఉన్న ఏడుగురు, మొత్తం 144 మంది చనిపోయారు.

ఇందులో గమనార్హమైన విషయం ఒకటి ఉంది. ఢీకొనడానికి 19 సెకన్ల ముందు రాడార్ కేంద్రంలో ప్రమాద హెచ్చరిక మోగింది. కానీ అలాంటి హెచ్చరికలు రోజూ ఊరకనే మోగుతూ ఉండడం వల్ల దానిని ఎవరూ పట్టించుకోలేదు. నాన్నా పులి కథ మనకు తెలిసినదే.

పైలట్లు చూసుకుని దూరం పాటించలేదని దర్యాప్తు సంఘం తేల్చింది. దానితోపాటు, రాడార్ చూసి విమానాలను వేరుచేసే వీలు ఉండగా కంటిచూపుకు వదిలేయడం కూడా కారణమేనని వేలెత్తి చూపింది.

నూక గింజంత విమానం

చూసి తప్పుకోవడం ఎందుకు సాధ్యం కాదు? ఎండలో, మబ్బులేని ఆకాశంలో అంత పెద్ద వస్తువు కనిపించదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిన్న లెక్క వేసి చూద్దాం.

10,000 అడుగుల లోపు పెద్ద విమానాలు గంటకు 460 కిలోమీటర్ల దాకా వేగంతో వస్తాయి. చిన్న విమానం గంటకు 185 కిలోమీటర్లు పోతుందనుకుందాం. రెండూ ఎదురెదురుగా వస్తే వాటి మధ్య దూరం సెకనుకు 180 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, అది విమానమేనని గుర్తించి, మన మీదికే వస్తోందని గ్రహించి, నిర్ణయం తీసుకుని, విమానాన్ని తిప్పి, అది తిరిగేసరికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ వారు లెక్క కట్టారు. ఆ లోగా రెండూ సుమారు రెండుంబావు కిలోమీటర్లు దగ్గరపడతాయి. అంత దూరంలో 11 మీటర్ల రెక్కలున్న చిన్న విమానం చేయి చాచి పట్టుకున్న నూక గింజంత కనిపిస్తుంది. దానిని కిందనున్న ఇళ్ల కప్పుల మధ్య, రోడ్ల మధ్య వెతికి పట్టుకోవాలి. అదే సమయంలో పైలటు చక్రాలు దించాలి, రేడియోలో మాట్లాడాలి, దిగే బాట చూసుకోవాలి.

మరో చిక్కు ఉంది. కదిలేదానిని కన్ను ఇట్టే పట్టేస్తుంది. గడ్డిలో పాము కదిలితేనే కదా మనం చూసేది. కానీ ఢీకొనే దారిలో వచ్చే విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు. ఒకే చోట చుక్కలా నిలబడి ఉంటుంది. చివరి క్షణాల్లో మాత్రం ఒక్కసారిగా పెద్దదవుతుంది. అప్పటికి సమయం మించిపోతుంది. ప్రమాదం లేని విమానమేమో కదులుతూ కనిపిస్తుంది, ప్రమాదం తెచ్చేది కదలక మోసం చేస్తుంది. ఇది పైలటు శ్రద్ధకు సంబంధించినది కాదు, మనిషి కంటికి ఉన్న హద్దు.

దిగుడు బావి పద్ధతి

కంటిచూపుకు హద్దు ఉన్నప్పుడు ఆకాశానికే హద్దులు వేయాలన్న ఆలోచన అమెరికాలో 1970 నుంచి అమలులోకి వచ్చింది. పెద్ద విమానాశ్రయాల చుట్టూ కొంత ఆకాశాన్ని గీత గీసి, అనుమతి లేనిదే ఎవరూ లోపలికి రాకూడదని శాసించారు. శాన్ డియాగోకు ఈ ఏర్పాటు ప్రమాదం జరిగాక 1980లో వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఈ హద్దుల ఆకారం అర్థం కావాలంటే మన దిగుడు బావిని తలచుకుంటే చాలు. బావి అడుగున ఇరుకు, పైకి వచ్చేకొద్దీ మెట్టు మెట్టుకూ వెడల్పు. విమానాశ్రయం అడుగున ఉంటుంది. విమానాశ్రయం దగ్గర నేల నుంచే కట్టుబాటు మొదలవుతుంది. దూరం పోయేకొద్దీ కట్టుబాటు పైనే ఉంటుంది, కింద ఖాళీ ఉంటుంది. పెద్ద విమానాలు మెట్ల వెంట దిగినట్టు ఈ బావి లోపలే దిగుతాయి, ఎక్కుతాయి. చిన్న విమానాలు ఆ మెట్ల కింద ఉన్న ఖాళీలో స్వేచ్ఛగా తిరుగుతాయి. లోపలికి రావాలంటే కంట్రోలరు అనుమతి తీసుకోవాలి.

ఇందులో తెలివైన ఏర్పాటు ఒకటి లాస్ ఏంజెలెస్‌లో ఉంది. అక్కడి మహా విమానాశ్రయానికి నేరుగా నడినెత్తిన చిన్న విమానాలకు అడ్డంగా ఒక దారి వేశారు. ఆగ్నేయానికి పోయేవారు 3,500 అడుగుల ఎత్తున, వాయవ్యానికి పోయేవారు 4,500 అడుగుల ఎత్తున పోవాలి. వినగానే ఇది పిచ్చి పనిలా తోస్తుంది. కానీ విమానాశ్రయం నడినెత్తికి వచ్చేసరికి దిగే విమానాలు నేలను తాకుతూ ఉంటాయి. అందుచేత పెద్దవాటికి అక్కరలేని ఎత్తు అక్కడ ఖాళీగా దొరుకుతుంది. చిన్నవారిని తరిమివేయకుండా వారికి కూడా దారి చూపడం ఇందులోని విశేషం.

గీత గీస్తే సరిపోయిందా?

సరిపోలేదని 1986 ఆగస్టు 31 ఆదివారం రుజువయింది. లాస్ ఏంజెలెస్ దగ్గరి సెరిటోస్ అనే ఊరి మీద, మెక్సికో నుంచి వస్తున్న డీసీ-9 విమానాన్ని పైపర్ రకం చిన్న విమానం ఢీకొన్నది. పెద్ద విమానంలో 64 మంది, చిన్నదానిలో ముగ్గురు, ఇళ్లలో ఉన్న 15 మంది, మొత్తం 82 మంది బలయ్యారు. చిన్న విమానం అనుమతి లేకుండానే నిషిద్ధ గీత దాటి లోపలికి వచ్చింది. గీత ఆకాశంలో కనిపించేది కాదు, కాగితం మీద ఉండేది. పొలం గట్టు అయితే కాలికి తగులుతుంది.

ఆ చిన్న విమానంలో రాడారుకు జవాబు చెప్పే ట్రాన్స్‌పాండర్ యంత్రం ఉంది. కానీ అది తన ఎత్తు ఎంతో చెప్పే రకం కాదు. కంట్రోలరు తెర మీద ఎత్తు తెలియని చుక్క వెయ్యి అడుగుల మీద ఉందో, ఆరు వేల మీద ఉందో ఎవరు చెప్పగలరు? పైగా అదే సమయంలో మరో చిన్న విమానం కూడా అనుమతి లేకుండా లోపలికి రాగా కంట్రోలరు దానితో మాట్లాడుతున్నాడు. డీసీ-9కి ఎదురైన చిన్న విమానాన్ని గమనించలేదు.

ఈ దారుణం తర్వాత రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 55 కిలోమీటర్ల మేర తిరిగే విమానాలు తమ ఎత్తును చెప్పే యంత్రం పెట్టుకోవాలన్నది మొదటిది. ముప్ఫైకి మించి సీట్లున్న ప్రయాణికుల విమానాలలో ఢీకొనకుండా హెచ్చరించే యంత్రం ఉండి తీరాలని 1987 చివర అమెరికా పార్లమెంటు చట్టం చేయడం రెండోది. టీకాస్ అనే ఈ యంత్రం ఎదుటి విమానం యంత్రంతో తానే మాట్లాడి, పైకి లెమ్మనో కిందికి దిగమనో పైలటుకు చెబుతుంది. అయితే ఎదుటివాడి ఎత్తు తెలిస్తేనే అది సలహా ఇవ్వగలదు. ఎదుటివాడి దగ్గర జవాబిచ్చే యంత్రమే లేకపోతే టీకాస్‌కు కూడా కళ్లు లేనట్టే. కనుక పెద్దవాడు ఎంత ఖర్చు పెట్టినా, చిన్నవాడు కూడా తన వంతు పెడితేనే ప్రయోజనం.

2020 జనవరి నుంచి అమెరికాలో ఇంకొక అడుగు వేశారు. రద్దీ ఆకాశంలో తిరిగే ప్రతి విమానమూ తానెక్కడ ఉన్నదీ ఎప్పటికప్పుడు చాటుతూ ఉండాలని నిబంధన పెట్టారు. కానీ ఎదుటివారు చాటేది వినే యంత్రం మాత్రం తప్పనిసరి చేయలేదు. దండోరా వేయించి చెవులు మూసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

యంత్రం నోరు మూసుకునే చోటు

వాషింగ్టన్ దుర్ఘటనలో పాత పాఠాలన్నీ మళ్లీ కనిపిస్తున్నాయి. నేలకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు, కిందికి దిగమని చెప్పి నేలకు కొట్టించకుండా, టీకాస్ సలహాలు ఇవ్వడం మానేస్తుంది. ఆ రాత్రి విమానం అలాంటి ఎత్తులోనే ఉంది. మిగిలింది కంటిచూపే. విమానం కనిపించిందని, చూసుకుని తప్పుకుంటామని హెలికాప్టరు వారు కంట్రోలరుకు చెప్పారు. శాన్ డియాగోలో 46 ఏళ్ల కిందట విన్న మాటే ఇది. కాకపోతే ఈసారి చీకటి, కింద నగరం దీపాలు.

హెలికాప్టర్లకు అక్కడ నది వెంట 200 అడుగులకు మించని ఎత్తున దారి ఇచ్చారు. ప్రమాద సమయానికి హెలికాప్టరు 278 అడుగుల ఎత్తున ఉంది. అది తప్పే. కానీ 200 అడుగుల లోపే ఉన్నా, ఆ రన్‌వే మీదికి దిగే విమానానికీ దానికీ మధ్య కొన్ని చోట్ల 75 అడుగుల దూరమే మిగులుతుందని దర్యాప్తులో తేలింది. అంటే ఒక తాటిచెట్టు ఎత్తు. ఒక పైలటు తాటిచెట్టంత పొరపాటు చేస్తే 67 ప్రాణాలు పోయేలా ఉన్న దారిని దారి అనడం ఎలా? తప్పు చేసినవాడిని పట్టుకోవడంతో పని అయిపోదు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడే ఏర్పాటు చేసినవారిని కూడా అడగాలి. ఆ రన్‌వే వాడుతున్నప్పుడు హెలికాప్టర్లు ఆ దారిన పోరాదని 2025 మార్చిలో దర్యాప్తు సంఘం అత్యవసరంగా కోరగా, విమానయాన శాఖ అంగీకరించింది. 15,214 సార్లు జరిగినది ముందే లెక్కపెట్టి చూసి ఉంటే ఆ మాట ఏళ్ల కిందటే అనవలసింది.

మన దేశం సంగతి

ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న ఘటనల్లో ప్రపంచంలోకెల్లా ఘోరమైనది మన దేశంలోనే జరిగింది. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీకి వస్తున్న కజకిస్థాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. రెండూ పెద్దవే. అయినా పాఠం ఒకటే. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ అప్పట్లో ఢిల్లీలో ఒకే దారి. కజక్ విమానం 15,000 అడుగుల కంటే దిగరాదని చెప్పినా కిందికి దిగింది. ఎత్తు చూపే రాడారు కంట్రోలరు దగ్గర లేదు. ఆ తర్వాతనే రాకపోకలకు వేరు దారులు, ఎత్తు చూపే రాడార్లు, విమానాలలో హెచ్చరిక యంత్రాలు వచ్చాయి. ఆ విమానాల్లో గల్ఫ్ దేశాలకు కూలీకి పోయేవారు ఎందరో ఉన్నారన్నది మరువరాదు.

ఒక మేలు ఏమిటంటే, అమెరికాలో మాదిరి ఇష్టం వచ్చినప్పుడు విమానం తీసి ఎగిరే వీలు మన దేశంలో లేదు. ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలి. కాబట్టి చిన్న విమానాల రద్దీ మన దగ్గర తక్కువ. కానీ ఇదే స్థితి ఎల్లకాలం ఉండదు. విమానయానం పెరిగేకొద్దీ పైలట్లు కావాలి, పైలట్లు కావాలంటే శిక్షణ విమానాలు ఎగరాలి. శిక్షణ మైదానాలను పెద్ద విమానాశ్రయాల దారికి దూరంగా పెట్టడం ఇప్పుడే సులువు, రేపు కష్టం. ఊరు పెరిగాక రోడ్డు వెడల్పు చేయబోతే ఎన్ని కోర్టు కేసులో మనకు తెలుసు.

చిన్నవారి వాదన

చిన్న విమానాల వారి వాదనను కూడా కాదనలేము. ఆకాశం పెద్ద కంపెనీల సొత్తు కాదని, ప్రతిసారీ గీతలు పెంచుకుంటూ పోతే తమకు తిరిగే చోటే మిగలదని, యంత్రాల ఖర్చు తమ నెత్తిన రుద్దుతున్నారని అమెరికాలో చిన్న విమానాల యజమానుల సంఘాలు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. గీత కింద ఇరుకు ఖాళీలోకి అందరినీ నెట్టితే చిన్నవి చిన్నవే ఢీకొనే ప్రమాదం ఉందని కూడా వారంటారు. అందులో నిజం లేకపోలేదు. 2009 ఆగస్టులో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద చిన్నవారికి విడిచిన దారిలోనే ఒక చిన్న విమానం, ఒక విహార హెలికాప్టరు ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. జాతీయ రహదారి మీదికి ఎడ్లబండ్లు రావద్దనే ప్రభుత్వం పక్కన సర్వీసు రోడ్డు వేయాలి కదా. ఆకాశంలో కూడా అదే న్యాయం. వద్దన్న చోట, వేరే దారి చూపాలి. తప్పనిసరి అన్న యంత్రం చిన్నవాడికి అందే ధరలో ఉండాలి.

రైతు చేతిలో డ్రోన్

ఈ సమస్యలో ఇప్పుడు మన రైతు కూడా భాగస్తుడే. పొలానికి మందు కొట్టే డ్రోన్లు పల్లెల్లోకి వచ్చాయి. అవి కూడా ఆకాశంలో తిరిగేవే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సాధారణ ప్రాంతాల్లో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల ఎగరేయాలంటే ముందు అనుమతి తీసుకోవలసిందే. మందు కొట్టడానికి పైరు మీద పది, పదిహేను అడుగుల ఎత్తు చాలు కదా అని కొందరంటారు. నిజమే, కానీ చేయి జారితే డ్రోన్ ఎంత ఎత్తుకైనా పోగలదు. శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఏ సర్వే నంబరు ఏ హద్దులో ఉందో పంచాయతీ గోడ మీద రాసి ఉంచితే రైతుకు తెలుస్తుంది. ఆన్‌లైను పటంలో ఉంది చూసుకోండంటే చాలదు.

ఏమి చేయాలి?

యాభై ఏళ్ల అనుభవం నుంచి మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, దారులు ముందే వేరు చేయాలి, ఒక మనిషి పొరపాటు చేసినా దాటలేనంత దూరం వాటి మధ్య ఉండాలి. రెండోది, రద్దీ ఆకాశంలో ఎగిరే ప్రతిదీ తన ఎత్తును, చోటును చెప్పాలి, ఇతరులు చెప్పేది వినాలి. ఇందులో సైన్యానికి కూడా మినహాయింపు ఉండరాదు. మూడోది, తృటిలో తప్పిన ప్రమాదాలను లెక్కపెట్టి, ఆ లెక్కను ఎవరో ఒకరు చదవాలి. కంటిచూపు వీటన్నిటికీ తోడుగా ఉండాలే తప్ప వీటికి బదులు కారాదు.

శాన్ డియాగోలో, సెరిటోస్‌లో ఇంట్లో కూర్చుని ప్రాణాలు పోగొట్టుకున్న 22 మంది ఏ విమానమూ ఎక్కలేదు. వారికి ఆకాశం హద్దుల గురించి ఎవరూ చెప్పలేదు, వారిని ఎవరూ అడగలేదు. కొత్త విమానాశ్రయాలకు, శిక్షణ మైదానాలకు భూములిచ్చే గ్రామాల ప్రజలు నష్టపరిహారం ఎంత అని అడగడంతోపాటు, మా ఊరి మీద ఏ విమానం ఎంత ఎత్తున పోతుంది, దాని దారిలో ఇంకేమి తిరుగుతాయి అని కూడా గ్రామసభల్లో అడగాలి. అడిగే హక్కు వారికి ఉంది. అధికారులు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.